ముఖానికి పూలదండ, వీపుకి తుప్పు

దసరా వెళ్ళిన మర్నాడు భీమవరంలో మా మరిదిగారింట్లో ఉన్నాను. వాకిట్లో ఆయన పికప్ బండి నిలబడి ఉంది. ముందు నుంచి చూస్తే పెళ్ళికూతురే! అద్దం మీద పసుపూ కుంకుమా, అడ్డంగా బంతిపూల దండ, బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ. ముందురోజు కొట్టిన గుమ్మడికాయ ముక్కలు చక్రాల దగ్గర ఇంకా ఎర్రగా పడి ఉన్నాయి. ముచ్చటపడుతూ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. వెళ్ళినదాన్ని అలాగే నిలబడిపోయాను.

వెనక తొట్టిలో పరిచిన రబ్బరు చాప ఒక మూల లేచి ఉంది. దాని కింద ఇనుప రేకు ఉండాలి కదా? లేదు. కింద నేల కనిపిస్తోంది!

అంతకు వారం ముందే రొయ్యల ట్రేలు దించుతుంటే ఆ చిల్లులో ఓ కుర్రాడి కాలు దిగబడిందిట. పిక్క చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయిట. ఆ సంగతి నాకు చెప్పింది మా తోడికోడలు. అదీ వంటింట్లో, గొంతు తగ్గించి.

"ఇది మొదటి ఏడే చెప్పానక్కా. రొయ్యల నీళ్ళు ఉప్పు కదా, రోజూ కడిగించండి అని. ఆడవాళ్ళకి బండి సంగతి ఏం తెలుసు అన్నారు."

ఆ ఒక్క మాట మీదే నా పోట్లాటంతా. బండి కొన్న రోజున ఆ ఆడదాని మెళ్ళో నాలుగు పేటల గొలుసు బ్యాంకు లాకర్లోకి నడిచింది. ఇంకా తిరిగి రాలేదు. గొలుసు అడిగేటప్పుడు మాత్రం "నీకు బండి సంగతి ఏం తెలుసు?" అని ఎవరూ అనలేదు చూశారూ!

అయినా, ఆడవాళ్ళకి ఇనుము సంగతి తెలియకపోవడమేమిటి? అట్లపెనం కడిగి తడితో వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుందని ఎవరికి తెలుసు? తుడిచి, పొయ్యి మీద తడి ఆర్చి, ఓ చుక్క నూనె రాసేది ఎవరు? ఇనుప మూకుట్లో పులుసు రాత్రంతా ఉంచకూడదని కొత్త కోడలికి చెప్పేది ఎవరు? ఆవకాయ జాడీలో తడిగరిటె పెడితే ఇల్లు పీకి పందిరేసే వాళ్ళకి, బండి తొట్టిలో తడి ఉంటే ఏమవుతుందో తెలియదా?

నేను చదివింది బి.ఏ. రసాయన శాస్త్రం నా దారిలోకి రాలేదు. కానీ ఈ విషయానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇనుముకి నీరూ గాలీ రెండూ తగిలితే తుప్పు. ఆ నీళ్ళలో ఉప్పుంటే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. రొయ్యల ట్రేల నుంచి కారే నీళ్ళలో ఉప్పుంటుంది. పొలానికి తోలే పొటాష్ ఎరువూ ఒక రకం ఉప్పే. అల్యూమినియం గిన్నె మీద ఏర్పడే పొర గిన్నెని అంటిపెట్టుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పుకి ఆ బుద్ధి లేదు. ఉబ్బుతుంది, రంగుని పైకి లేపుతుంది, పొరలు పొరలుగా రాలి లోపలికి మళ్ళీ నీటికి దారిస్తుంది. పైన చిన్న పొక్కు కనిపించిందంటే కింద సంసారం ఎప్పుడో మొదలైందన్నమాట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మెల్లిగా కదిపాను. "ఏమయ్యా, ఆ తొట్టి సంగతి చూడకూడదూ?"

మా మరిది నవ్వాడు. "చాప కొని వేశాను కదా వదినా. ఇంకేం చెయ్యమంటారు?"

ఇదుగో, ఇక్కడే ఉంది మన మగవాళ్ళ తెలివి! కనపడకుండా కప్పేస్తే కాపాడినట్టే. చాప వేస్తే ట్రేల మూలలు గీసుకోకుండా ఆపుతుంది, నిజమే, కాదనను. కానీ పక్కల నుంచి దిగిన నీరు దాని కింద చేరితే ఎండ తగలదు, గాలి ఆడదు. తొట్టి అడుగున నీళ్ళు పోయే కన్నాలు చేప పొలుసులతో, బురదతో ఎప్పుడో పూడుకుపోయాయి. ఇక ఆ నీరు ఎక్కడికి పోతుంది? తొట్టి కొలతకి వచ్చే ప్లాస్టిక్ తొడుగులతోనూ ఇదే గొడవ. పైగా బండి అదిరినప్పుడల్లా వాటి అంచులు రంగుని రాస్తూనే ఉంటాయి. కప్పడం తప్పు కాదు. కప్పి మరిచిపోవడం తప్పు.

మా మరిది ఊరుకునే రకం కాదు. "మీరు చరిత్ర చదువుకున్నారుగా వదినా, ఢిల్లీలో ఇనుప స్తంభం సంగతేమిటి? పదహారు వందల ఏళ్ళ నుంచి ఎవరు కడుగుతున్నారు దాన్ని?" అన్నాడు.

భలే దొరికాడు! ఆ మెహ్రౌలీ స్తంభం ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన ఒక పలచని పొర ఏర్పడి కాపాడుతోంది. మీ బండి రేకులో అది లేదు. ఆ స్తంభం మీద ఎవరూ రొయ్యలు తోలలేదు. అంతటి స్తంభానికి కూడా, అందరూ వెళ్ళి కౌగలించుకుని రాపిడి చేస్తున్నారని, 1997లో చుట్టూ కంచె కట్టారు. తుప్పు పట్టని ఇనుముకే కాపలా కావలసి వస్తే, పట్టే ఇనుము మాటేమిటి? అన్నాను. పెరుగన్నంలోకి దిగిపోయాడు.

మగవాళ్ళ వైపు న్యాయం కూడా చెప్పాలి. తెల్లవారుజామున మూడింటికి లేచి, చెరువుగట్ల మీద లోడెత్తి, రాత్రికి ఇల్లు చేరిన మనిషికి బండి కడిగే ఓపిక ఉండదు. ఖరీదైన పూతలు వేయించమంటే డబ్బు సర్దుబాటు కాదు. ఒప్పుకుంటాను. కానీ రోజూ చెయ్యవలసిన పనికి ఖర్చేముంది? వెనక తలుపు దించి, కన్నాలు పుల్లతో పొడిచి, రెండు బకెట్ల మంచినీళ్ళు కొట్టాలి. మంచినీళ్ళని ఎందుకంటున్నానంటే, సముద్రం పక్క ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళే ఉప్పన. ఉప్పుని ఉప్పుతో కడిగి ఏం లాభం? తర్వాత బండి వెనక వైపు కాస్త పల్లానికి నిలిపితే నీళ్ళు వాటంతటవే పోతాయి. వారానికోసారి చాప ఎత్తి ఎండలో వెయ్యాలి. అంతే.

గీత పడ్డచోట గరుకు కాగితంతో తళతళలాడే ఇనుము కనిపించేదాకా రుద్ది, తుడిచి, ఆరాక రెడ్ ఆక్సైడ్ పూసి, పైన రెండుసార్లు రంగు వెయ్యాలి. ఇప్పుడు పిచికారీ చేసే పాలియూరిథేన్ పూత ఉంది. రేకుకి గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి దానికీ రేకుకీ మధ్య నీరు చేరదు. మంచిదే. కానీ తుప్పు గీకకుండా దాని మీదే వేయిస్తే, కడగని పుండుకి కట్టు కట్టినట్టు. లోపల కుళ్ళు ఆగదు. ఇక పాత ఇంజనాయిలు పూయమని చెప్పే మహానుభావులున్నారు. మనం తినే చేపలూ బియ్యం బస్తాలూ ఎక్కే తొట్టిలోనా? మొదటి వానకి ఆ మడ్డి కాలవలోకి దిగుతుంది. ఎక్కిన హమాలీ కాలు జారుతుంది.

"నాలుగేళ్ళు వాడి అమ్మేస్తే సరి" అనే వాళ్ళ మాట మరీ అన్యాయం. కొనేవాడు ముందు దండ చూడడు, వెనక చాప ఎత్తి చూస్తాడు. అక్కడ తగ్గిన ప్రతి వెయ్యీ ఎవరి గొలుసులోంచి తగ్గినట్టు? ఆ చిల్లులోకి దిగేది కొనేవాడి కాలూ కాదు, అమ్మేవాడి కాలూ కాదు. రోజు కూలికి వచ్చిన ఓ తల్లి కొడుకు కాలు. ఆ పిల్లవాడికి ధనుర్వాతం ఇంజెక్షను చేయించిందీ మా తోడికోడలే. తుప్పు వల్ల ఆ జబ్బు రాదు, మట్టిలోని క్రిమి గాయంలోకి చేరితే వస్తుంది. కానీ ఆ మట్టి చేరడానికి గుంట తవ్విపెట్టింది తుప్పే కదా!

నేను తిరుగు రైలెక్కే ముందు మా మరిది బండిని వెల్డింగు షాపుకి తోలుకెళ్ళాడు. కొత్త రేకు అతికించారు, అడుగు వైపు కూడా రంగు వేశారు. నా ఉపన్యాసానికి కరిగాడని అనుకోను. ఆ ఉదయం మా తోడికోడలు మొదటిసారి గొంతు తగ్గించకుండా మాట్లాడింది. "కాలు దిగబడ్డవాడు మన అబ్బాయే అయితే?" అంది. అంతే.

కాబట్టి ఇంట్లో బండి ఉన్న అమ్మలకీ, అక్కలకీ, చెల్లెళ్ళకీ నా మనవి ఒక్కటే. ఈ ఆదివారం మీరే వెళ్ళి ఆ చాప ఎత్తి చూడండి. "నీకెందుకు?" అని ఎవరైనా అంటే తడబడకండి. బండి కాగితాల మీద మీ పేరు లేకపోవచ్చు. తాకట్టు కాగితం మీద మీ గాజులున్నాయి.