సేవా కొలువు

'సేవ' అనే మాటకు ప్రాచీన సాహిత్యంలో ఉన్న అర్థం నేటి అర్థం కంటే భిన్నమైనది. దైవసేవను పక్కన పెడితే, కావ్యాల్లోనూ శతకాల్లోనూ సేవ అంటే ఎక్కువగా ప్రభువు దగ్గర కొలువు చేయడమే. పొట్టకూటి కోసం ఒకరి కనుసన్నల్లో మెలగడమే. భర్తృహరి నీతిశతకంలో సేవకుని కష్టాలను వర్ణించాడు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో రాజసేవను తీవ్రంగా నిరసించాడు. సంఘసంస్కరణోద్యమం, ఆ తరువాత జాతీయోద్యమం ఈ మాట దిశను మార్చాయి. ప్రభువు కూర్చున్న చోట ప్రజలు కూర్చున్నారు. ఈ మార్పుతోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. రాజును సేవించినవాడు జీతం పుచ్చుకుంటే లోకం తప్పుపట్టలేదు. ప్రజలను సేవించేవాడు జీతం మాట ఎత్తితే మాత్రం అతని సేవాభావాన్నే శంకిస్తున్నది.

ఈ శంక వల్ల ఎక్కువగా నష్టపోయేది చదువు పూర్తిచేసుకొని, ప్రజలకు ఉపయోగపడే పనిలో చేరాలనుకునే పేద విద్యార్థి. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చు. తండ్రి కౌలురైతు. ఇంట్లో చదువుకుంటున్న తమ్ముడున్నాడు. గిరిజన గ్రామాల్లో పిల్లలకు చదువు చెప్పాలని ఆమె కోరిక. స్వచ్ఛంద సంస్థకు దరఖాస్తు పెడతానంటే ఇంట్లోవారు అడిగే మొదటి ప్రశ్న, “నెలకు ఎంత ఇస్తారు?” ఇది పేరాశతో అడిగిన ప్రశ్న కాదు, ఇల్లు గడవాలన్న చింతతో అడిగినది. ఉచితంగా చేస్తేనే సేవ అని నిర్ణయించిన నాడు ఆ పని కలవారి బిడ్డలకే దక్కుతుంది. పేదరికం ఎలా ఉంటుందో ఎరిగిన ఈ అమ్మాయి వాకిట్లోనే నిలిచిపోతుంది.

కళాశాలలో సాగే సేవా కార్యక్రమాలకూ, చదువు ముగిశాక చేపట్టే సేవా కొలువుకూ తేడా ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. 'నా కోసం కాదు, నీ కోసం' అన్నది దాని ఆశయం. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అందులోని ముఖ్యాంశాలు. ఊరి ముఖం చూడని పట్టణ విద్యార్థికి ఆ ఏడు రోజులు కొత్త లోకాన్ని చూపుతాయనడంలో సందేహం లేదు. కాని శిబిరంలో పీకివేసిన వయ్యారిభామ మొక్కలు మరుసటి తొలకరికి మళ్లీ మొలుస్తాయి. అప్పటికి విద్యార్థులు పరీక్షల హడావుడిలో ఉంటారు. ఇది పథకం లోపమని అనడం న్యాయం కాదు. ఏడు రోజుల్లో ఏడు రోజుల పనే జరుగుతుంది. ఏడాది పొడవునా సాగవలసిన పనికి ఏడాది పొడవునా నిలిచే మనిషి కావాలి. అలా నిలిచే మనిషికి తిండి, బస, బాధ్యత, వీటన్నిటికీ మించి శిక్షణ కావాలి.

సేవను ఒక బాధ్యతగా స్వీకరించడమంటే ఏమిటో తెలుగువారికి చూపినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె వయస్సు పధ్నాలుగేళ్లు. అక్కడి ప్రదర్శనశాల ద్వారం వద్ద ఆమె స్వచ్ఛంద సేవకురాలు. టికెట్టు లేనివారిని లోపలికి పంపరాదని ఆమెకు అప్పగించిన పని. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చినప్పుడు కూడా టికెట్టు లేదని ఆపివేసింది. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే ఆయనను లోపలికి వెళ్లనిచ్చింది. ఈ సంఘటనను ఆమె ధైర్యానికి నిదర్శనంగా చెప్పుకోవడం పరిపాటి. దానికంటే గమనించదగినది మరొకటి ఉంది. ఆమె చేతిలో ఒక స్పష్టమైన పని ఉంది, దానికొక నియమం ఉంది, ఆ నియమం అందరికీ ఒక్కటే. అంతకుముందే స్త్రీలకు హిందీ నేర్పే బడి నడిపిన అనుభవమూ ఆమెకు ఉంది. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తొలినాళ్లలో చేసిన పని బాలికలను మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేయడం. 'స్త్రీ జనోద్ధరణ' అనే పెద్ద మాట వెనుక ఆనాడు ఉన్నది పాఠాలు, పుస్తకాలు, పరీక్షలు.

ఇటీవలి కాలం నుంచి ఇంకొక ఉదాహరణ తీసుకోవచ్చు. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. చదువుకున్న గ్రామీణ యువతీయువకులను, ముఖ్యంగా కూలీల కుటుంబాలకు చెందినవారిని, ఇందుకు ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. మస్టరు ఎలా చదవాలి, చెల్లింపుల లెక్కను జాబుకార్డుతో ఎలా సరిపోల్చాలి, తవ్విన మట్టిని ఎలా కొలవాలి అన్నవి వారి పాఠాలు. కాగితం మీద పేరున్న ప్రతి కూలీ ఇంటికీ వెళ్లి, “నీవు ఎన్ని రోజులు పనిచేశావు? నీ చేతికి ఎంత వచ్చింది?” అని అడిగేవారు. తేడా కనబడితే రాసుకొనేవారు. చివరకు మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికలో అధికారుల ఎదుట ఆ లెక్కలను చదివి వినిపించేవారు. అక్షరం రాని కూలీకి తన పేర ఎంత డబ్బు రాశారో తెలియడం చిన్న విషయం కాదు. ఈ పనికి మంచి మనసు ఒక్కటే చాలదు. కూడికలు, తీసివేతలు తప్పు లేకుండా చేయగలగాలి. బెదిరించిన వాడి ముందు మాట మార్చకుండా నిలబడగలగాలి. ఇంతటి పనిచేసిన యువతకు భృతి ఇచ్చారు కనుక అది సేవ కాకుండా పోయిందని ఎవరైనా అనగలరా?

ఇతర దేశాలు కూడా ఈ సంగతిని గుర్తించాయి. అమెరికాలో 1993లో చేసిన చట్టం జాతీయ సేవలో చేరినవారికి జీవన భృతిని, సేవాకాలం ముగిశాక పై చదువులకో విద్యారుణం తీర్చుకోవడానికో పనికివచ్చే సొమ్మును ఏర్పాటు చేసింది. భారతదేశంలోనూ 2008లో గాంధీ ఫెలోషిప్, 2009లో టీచ్ ఫర్ ఇండియా తొలి బృందం, 2011లో స్టేట్ బ్యాంకు వారి యూత్ ఫర్ ఇండియా మొదలయ్యాయి. మొదటి రెండూ రెండేళ్ల కాలానికి, మూడవది 13 నెలల కాలానికి పట్టభద్రులను పనిలోకి తీసుకొని భృతి చెల్లించేలా రూపొందాయి.

భృతి ఇవ్వడంతోనే సమస్య తీరదు. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో సుమారు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లను నియమించి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. ఇంటి గడప వద్దే పింఛను అందుకున్న వృద్ధులకు ఆ పని విలువ తెలుసు. అయితే వారు సేవకులా, ఉద్యోగులా? ఇచ్చేది గౌరవ వేతనమా, జీతమా? ఈ ప్రశ్న మధ్యలో తలెత్తి చర్చకు దారితీసింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ కొనసాగలేదు. దాని మంచిచెడ్డలపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. పనికి పేరు, కాలం, ప్రతిఫలం మొదటే తేల్చని చోట నష్టపోయేది ఆ పనిని నమ్ముకున్న యువతే.

ఇక దరఖాస్తు సంగతి. సేవా కొలువు కోరే విద్యార్థులు రాసే లేఖల్లో 'సమాజానికి ఏదైనా చేయాలనే తపన' అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. తపన నిజమే కావచ్చు. కాని లేఖ చదివేవారికి అందులో తెలిసేది ఏమీ లేదు. 'రెండు వేసవి సెలవుల్లో మా వీధిలోని ఆరుగురు పిల్లలకు చదవడం, రాయడం నేర్పాను. నలుగురు వార్తాపత్రిక చదవగలుగుతున్నారు, ఇద్దరు మధ్యలో మానివేశారు' అని రాసినదే మంచి లేఖ. మానివేసిన ఇద్దరి గురించి రాయడంలోనే ఆ విద్యార్థి నిజాయితీ తెలుస్తుంది. పొరుగువారికి పింఛను అర్జీ రాసిపెట్టడం, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం, ఒక సంఘం జమాఖర్చులు చూడడం, కోయభాషో గోండీయో మాట్లాడగలగడం, ఇవన్నీ అర్హతలే. భాష గురించి మరొక మాట. బ్యాంకు కాగితంలోని మాటలను అవ్వకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలవారు ప్రతి ఊరికీ అవసరం. ఆ నేర్పు తెలుగు తరగతిలోనే అలవడాలి. అందమైన సమాసాలు కూర్చడం మాత్రమే భాషాభ్యాసం కాదు.

ఎంపికచేసే సంస్థ ప్రశ్నలు అడగడం సహజం. దరఖాస్తుదారు కూడా ప్రశ్నలు అడగాలి. భృతి ఎంత, ఏ తేదీన ఇస్తారు? శిక్షణ ఎన్ని రోజులు? పని నేర్పేవారు ఎవరు, పొరపాటు జరిగితే ఎవరికి చెప్పాలి? జ్వరం వస్తే సెలవు ఉంటుందా? ఆడపిల్లలకు బస ఎక్కడ, ఆ ఊరికి చివరి బస్సు ఎన్ని గంటలకు? ఈ ప్రశ్నలను విని, 'సేవకు వచ్చి ఇన్ని అడుగుతారా?' అని ముఖం చిట్లించే సంస్థ రేపు ఆ యువతి చేత ఎంత చాకిరీ చేయించుకుంటుందో ఊహించడం కష్టం కాదు. సమాధానాలను నోటిమాటగా కాక నియామక పత్రంలో రాసి ఇచ్చే సంస్థలో ఆమె చేరవచ్చు. ఆ పత్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి తండ్రి ముందు పెట్టవచ్చు. అప్పుడు ఆయన “నెలకు ఎంత?” అని అడిగినా, “ఎక్కడ ఉంటావమ్మా?” అని అడిగినా, ఏ వరుసలో ఏముందో వేలుపెట్టి చూపించవచ్చు.