నాన్నలకు నీతులు, పిల్లలకు హాస్టళ్లు

రోజూ పిల్లలతో ఇరవై నిమిషాలు గడపాలట. ఆ సేపు ఫోన్ పక్కన పెట్టాలట. కోపం వస్తే పది అంకెలు లెక్కపెట్టాలట. ‘మంచి నాన్న’ వీడియో ఒకటి ఈ వారం మూడు గ్రూపుల్లోంచి వచ్చి పడింది. చెప్పినవాటిలో తప్పేమీ లేదు. కాకపోతే అవన్నీ బిడ్డ ఇంట్లో ఉన్న నాన్నకే పనికొస్తాయి.

చింతూరు దాటి కుంటలో అడుగుపెడితే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్. అక్కడి నాన్నల సంగతి చూడండి. 2005లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక లోపలి ఊళ్లలో బళ్లు పోయాయి. కొన్నిటిని మావోయిస్టులు పేల్చారు, కొన్నిట్లో బలగాలు మకాం పెట్టాయి. బళ్లు ఖాళీ చేయమని సుప్రీంకోర్టు 2011లో చెప్పాల్సి వచ్చింది. వాటి బదులు రోడ్ల పక్కన పోర్టా క్యాబిన్లు వెలిశాయి. పేరు క్యాబినే గానీ, వందలాది పిల్లలుండే హాస్టళ్లవి. ఆరేడేళ్ల బిడ్డను అక్కడ దింపి, సంతరోజున వచ్చి ముఖం చూసిపోవడమే అక్కడ చాలామందికి దక్కిన నాన్నతనం.

పిల్లలతో మనసు విప్పి మాట్లాడమంటారు కదా, ఏ భాషలో మాట్లాడాలి? నాన్నది గోండి, కుంట వైపైతే దోర్లి. బిడ్డ పాఠాలు హిందీలో. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు 29 లక్షలపైనే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. అందులో సగం మంది మాట్లాడే బోడోకు 2003లోనే దొరికింది. గోండులు ఐదారు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు, ఏ రాష్ట్రానికీ వాళ్ల గొడవ పట్టదు. ఇందులో మన రెండు రాష్ట్రాలకూ వాటా ఉంది.

ఈ బస్తర్‌లోనే మురియా గోండుల పిల్లలు రాత్రిళ్లు కలిసి ఉండే ఘోటుల్ గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద పుస్తకమే వేశాడు. బయటివాళ్లు అందులోంచి శృంగారం ఒక్కటే ఏరుకున్నారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు పనీ పాటా నడవడీ నేర్పే చోటది. ఎదిగే పిల్లల బరువు నాన్న ఒక్కడి నెత్తిన పడేది కాదు. అదీ హాస్టలే కదా అంటారేమో. రాత్రికి ఘోటుల్, తెల్లారితే ఇల్లు. కేకేస్తే అమ్మకు వినపడే దూరం.

నా గొడవంతా ఆ దూరంతోనే. 2013 జనవరిలో కాంకేర్ జిల్లా ఝలియామారీ ఆశ్రమ హాస్టల్లో చిన్నచిన్న ఆడపిల్లలపై అత్యాచారాలు బయటపడ్డాయి. నాన్నలు దగ్గర్లో ఉంటే అది అన్నాళ్లు దాగేదా? 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా పేరూరు నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారిన నడుస్తూ పన్నెండేళ్ల పిల్ల ప్రాణం విడిచింది. ఆ పిల్ల మన మిర్చి కోయడానికే వచ్చింది. అమ్మానాన్నలు ఊళ్లోనే ఉన్నారు. ఆ తండ్రికి ఆ వీడియోల్లోని ఏ కోటు వక్త ఏం సలహా ఇస్తాడు?

సరే, వాళ్లకు గత్యంతరం లేదు. మనకేం వచ్చింది? మన ఊరి బడిని ఎవరూ పేల్చలేదు. వీధి చివర కాలేజీ ఉంది. అయినా పదో తరగతి పరీక్ష రాసిన మర్నాటి నుంచే పిల్లాణ్ని ఏ హాస్టల్లో పడేద్దామా అని వెతుకులాట. లక్షలు కట్టి మరీ బిడ్డను దూరం చేసుకుంటాం. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆదివారం ఔటింగ్‌కు వార్డెన్ దయ. పిల్లాడు ఫోన్‌లో ఏడిస్తే ‘కొన్నాళ్లకు అలవాటవుతుందిలే’ అని పెట్టేస్తాం. వాడు మాట్లాడటం మానేశాక, ర్యాంకు వచ్చాక, అప్పుడు తండ్రీకొడుకుల అనుబంధం మీద శిబిరాలకు డబ్బు కడతాం.

ఔటింగ్ నెలకొక్కసారే ఇస్తారని పేరుపడ్డ కాలేజీలకు గిరాకీ మరీ ఎక్కువ. మా వీధిలో ఒకాయన అలాంటి దాంట్లో సీటుకు సిఫారసు చీటీ కావాలని నిన్న సాయంత్రం వచ్చాడు. రాయనని చెప్పి పంపేశాను.