గృహిణి లెక్కలు: వేగపు బండికి చవక టైర్లు

గోపాలపట్నమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె మఱిది వాడిన కారొకటి బేరమాడి అడ్వాన్సు ఇచ్చి వచ్చినాడట. అది పోలో జీటీ. మన దేశమున 2022లో తయారీ నిలిచిపోయిన బండి. చూచుటకు చిన్నదేగాని టర్బో ఇంజను గలది, కాలు మోపినంతనే ముందుకు దుముకును. అందుచేతనే కుఱ్ఱవాండ్రు దానిని వెదకి వెదకి కొనుచున్నారు. “తక్కువ తిరిగిన బండి, టైర్ల బటన్లు ఇంకను లోతుగానే యున్నవి” అని అమ్మువారు చెప్పిరట. చూచిన మెకానిక్కు మాత్రము నాలుగు టైర్లును మార్చవలసినదే యనెను. పేరున్న విదేశపు కంపెనీవి ఒక్కొక్కటి 9,000 రూపాయలు. ఎన్నడును పేరు వినని రకము 4,500. మఱిదికి మొదటివి కావలెను. ఆమె భర్త “మనమేమైన పందెములకు పోవుచున్నామా? చవకవి చాలును” అనుచున్నారు. చీటీ పాడిన డబ్బు ఆమె చేతిలో నున్నది. దానిలోనుండియే పెద్దపిల్ల కాలేజీ ఫీజును కట్టవలెను. రెండు రకములకు నడుమ భేదము 18,000. ఏమి చేయుదునని ఆమె ప్రశ్న.

ఇట్టి ప్రశ్న మగవారి పత్రికకు పోవలసినది కాదా యని కొందఱు సోదరీమణులు అనుకొందురేమో. మేమట్లు తలంపము. డబ్బు ఆమెది, వెనుక సీటున పిల్లలతో కూర్చుండునదియు ఆమెయే, ఉదయమున బడికి ఆ బండిని నడుపునదియు కొన్ని యిండ్లలో ఆమెయే. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్త కనిపెట్టిన మోటారు బండిలో ఇద్దఱు కొడుకులను ఎక్కించుకొని, మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైము వఱకు నూఱు కిలోమీటర్లకు పైగా నడుపుకొనిపోయెను. మోటారు బండిపై దూరప్రయాణము చేసినవారిలో ఆమెయే మొదటిదని చెప్పుదురు. దారిలో బ్రేకు చెక్కలు అరిగిపోగా, ఒక చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించి ముందుకు సాగినదట. బండి పోవుట ఆమె భర్త ఆలోచించెను. బండి ఆగుట ఆమె ఆలోచించెను. ఆ 1888లోనే బెల్ఫాస్టులో డన్‌లప్ అను పశువైద్యుడు తన కొడుకు మూడుచక్రముల బండికొఱకు చేసిన గాలి టైరునకు పేటెంటు పొందెను.

ఇక అసలు మాటకు వత్తము. బ్రేకు వేసినప్పుడు కారు ఆగునని మనమందుము. బ్రేకు ఆపునది చక్రమును మాత్రమే. కారును ఆపునది రోడ్డు. ఆ రోడ్డునకును కారునకును నడుమ నుండునది నాలుగు చోట్ల ఇంచుమించు అరచేయంత రబ్బరు మాత్రమే. బండిలో ఎంత గొప్ప ఇంజను ఉన్నను, చక్రము బిగుసుకొనిపోకుండ కాపాడు ఏబీఎస్ ఉన్నను, ఆ నాలుగు అరచేతుల పట్టు ఎంతయో అంతవఱకే వాని ప్రభావము.

ఈ పట్టును ఇంటి లెక్కగా వేసి చూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున రెండు కార్లు తడిరోడ్డున ప్రక్కప్రక్కగా పోవుచున్నవనుకొందము. ఒకదాని టైర్ల పట్టు పదింట ఏడు పాళ్లు, రెండవదానిది పదింట ఐదు పాళ్లు. ఇద్దఱును ఒకే క్షణమున బ్రేకు త్రొక్కిరి. మొదటిది సుమారు 36 మీటర్లలో ఆగును. రెండవది 50 మీటర్లు పోయిన పిమ్మట ఆగును. పదునాలుగు మీటర్లేకదా యని తోచవచ్చును. కాని మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండవ కారు ఇంకను 43 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఎదుట నిలిచిన లారీని మొదటిది తాకకుండ ఆగినచో, రెండవది ఆ వేగముతోనే ఢీకొనును. “నెమ్మదిగా నడుపుదుములే” అను ఊఱట ఇక్కడ సగమే చెల్లును. 60 కిలోమీటర్ల వేగమునను ఈ భేదము 8 మీటర్లు, అనగా రెండు కార్ల నిడివి. ఎన్.ఏ.డి. కూడలినుండి గోపాలపట్నము మీదుగా పెందుర్తి పోవు దారిలో ముందు ఆటో, వెనుక బస్సు, నడుమ దాటు స్కూటరు ఉండగా, రెండు కార్ల నిడివి ఖాళీ ఎప్పుడు దొరకును?

తడిరోడ్డునే లెక్కలోనికి ఏల తీసికొంటిమనగా, పొడిరోడ్డున చాలమట్టుకు టైర్లు మంచివిగానే కనబడును. వాని గుణము బయటపడునది వానలో. విశాఖ ప్రాంతమునకు నైరుతి వానలును కలవు, ఈశాన్యపు వానలును కలవు. అక్టోబరు వానల సంగతి అక్కడివారికి మేము చెప్పనక్కఱలేదు. వేసవి పొడవునను రోడ్డుపై పేరుకొన్న దుమ్మును, బండ్లనుండి కాఱిన నూనెయు మొదటి జల్లుతో కలిసి సబ్బునీటివలె నగును. టైరుపై గాళ్లు ఉండునది అందము కొఱకు కాదు. ఆ నీటిని ప్రక్కకు నెట్టి రబ్బరును నేలకు తాకించుటకు. గాడి అరిగి గుండైన టైరు నీటిపొరపై తేలిపోవును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను బండి వినదు. కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన మోటారు చట్టపు నిబంధన. గాడి అడుగున అడ్డముగా చిన్న మిట్టలుండును. రబ్బరు అరిగి ఆ మిట్టలతో సమమైనచో ఆ టైరు పని ముగిసినట్లే. వానకాలమునకు 3 మిల్లీమీటర్లైన ఉండుట క్షేమమని మా అభిప్రాయము.

మఱి ఆ పోలో టైర్ల గాళ్లు లోతుగానే యున్నవికదా, మెకానిక్కు ఏల మార్చుమనెను? ఈ సంగతియే సోదరీమణులు ముఖ్యముగా తెలిసికొనవలసినది. రబ్బరు నడచి అరుగుటయేకాదు, నిలిచియు ముదురును. ఎండయు, గాలియు, కాలమును దానిని గట్టిపఱచును. తక్కువ తిరిగిన బండి అనగా ఎక్కువ కాలము నిలిచిన బండి కావచ్చును. టైరు ప్రక్కగోడపై డి.ఓ.టి. అను అక్షరముల వరుస చివర నాలుగు అంకెలుండును. మొదటి రెండు వారము, తర్వాతి రెండు సంవత్సరము. 2318 అని యున్నచో 2018వ సంవత్సరపు 23వ వారమున అది తయారైనది. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయింపవలెననియు, పదేండ్లు నిండినదానిని ఎంత బాగుగా కనబడినను తీసివేయవలెననియు పేరున్న తయారీదారులే చెప్పుచున్నారు. ఇంత ఎండ కాయు మన సీమలో అంతవఱకు పోనీయకుండుటే మేలని మాకు తోచుచున్నది. గాళ్ల నడుమను ప్రక్కగోడపైనను సన్నని పగుళ్లు కనబడినచో వేఱే సాక్ష్యమక్కఱలేదు. నల్లని పాలిషు పూసిన టైరును తడిగుడ్డతో తుడిచి చూడవలెను. పప్పులో రాళ్లేఱు కంటికి ఆ పగుళ్లు దాగవు.

చవక టైరు దేనిలో చవక? ఈ ప్రశ్న ఎవరును అడుగరు. కొన్ని చవక టైర్లు చాలకాలము నడచును. “యాబదివేల కిలోమీటర్లు వచ్చినవండి” అని మెచ్చుకొనువారిని మేమెఱుగుదుము. అవి అంతకాలము అరుగకుండుటకు కారణము తఱుచుగా రబ్బరు గట్టిదగుటయే. గట్టి రబ్బరు తడిరోడ్డును తక్కువగా పట్టుకొనును. అరుగకుండ నడుచుట, తడిలో పట్టుట, పెట్రోలు తక్కువ త్రాగుట, ఈ మూడును ఒక్క రబ్బరులో ఇముడ్చుట కష్టము. ఇముడ్చుటకు సిలికావంటి ఖరీదైన దినుసులు కావలెను, శోధన కావలెను. ధర తగ్గించినవాడు ఎక్కడనో ఒకచోట తగ్గించియుండును. మన కంటికి కనబడని తడిపట్టులో తగ్గించుట వానికి సులభము.

అట్లని ప్రతి చవక టైరును ప్రమాదమని చెప్పుట న్యాయము కాదు. మన దేశమున అమ్ము కారు టైరునకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. 2022 అక్టోబరునుండి కొత్త నమూనాలకును, 2023నుండి పాత నమూనాలకును తడిపట్టు, చప్పుడు, దొర్లునప్పటి నిరోధము ఈ మూడింటికి కేంద్ర ప్రభుత్వము కనీసపు కొలతలు నిర్ణయించెను. కావున గుర్తు గలిగి, ఇటీవల తయారై, సరియైన కొలత గల మధ్యతరగతి టైరు మనకు చాలును. భయపడవలసినది ధరను చూచి కాదు, పుట్టుపూర్వోత్తరములు తెలియని సరకును చూచి. 2020 జూనులో విదేశపు కారు టైర్ల దిగుమతిపై ప్రభుత్వము ఆంక్ష విధించెను. కనుక పేరు వినని విదేశపు టైరు మూల గోదాములోనుండి సగము ధరకు బయటికి వచ్చినచో, దాని నాలుగు అంకెలను చదువక చేయి వేయరాదు. ఇతర బండ్లనుండి తీసిన పాత టైర్లు, గాళ్లు తిరిగి చెక్కినవి, ఎంత తక్కువకు వచ్చినను వద్దు.

తేదీ చూచిన కంటితోనే కొలతయు చూడవలెను. 195/55 ఆర్ 16, 87 హెచ్ అని యున్నదనుకొందము. వెడల్పు 195 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు దానిలో నూటికి 55 వంతులు. రిమ్ము 16 అంగుళములు. 87 అనగా ఆ టైరు 545 కిలోల వఱకు మోయును. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వఱకు తాళును. “అంత వేగము మనకేల?” అని ఆమె భర్త అడుగవచ్చును. ఆ అక్షరము వేగమునేకాక వేడిని తాళు శక్తిని కూడ తెలుపును. మే నెల మధ్యాహ్నము ఐదుగురును సామానును ఎక్కి అరకు పోవునప్పుడు అది అక్కఱకు వచ్చును. డ్రైవరు తలుపు చట్రముపైనో, పెట్రోలు మూతలోపలనో కంపెనీవారు అంటించిన చీటీ ఉండును. దానిలోని బరువు అంకెకును వేగపు అక్షరమునకును తక్కువదానిని అంగీకరింపరాదు.

ఇప్పుడు ధర. ఆమెకు చెప్పినవి రెండే ధరలు. నడుమ నొక అంతస్తు కలదు. మన దేశపు తయారీదారుల టైర్లే అవి. 1946లో మద్రాసు చెంత తిరువొత్తియూరులో ఆటబుడగలు చేయుచు మొదలైన సంస్థయే నేటి ఎం.ఆర్.ఎఫ్.; దాని కర్మాగారమొకటి మన సదాశివపేటలోనే కలదు. అపోలోవారు 2020లో తిరుపతికి చేరువ చిన్నపండూరున కర్మాగారము తెఱచిరి. విశాఖకు ప్రక్కనే అచ్యుతాపురమున 2022లో టైర్ల కర్మాగారమొకటి ప్రారంభమైనది గాని, అచట చేయునవి ట్రాక్టర్లకు, మట్టి త్రవ్వు యంత్రములకు. మన పోలోకు కావు! ఈ మధ్యతరగతి టైరు 6,500కు వచ్చిననుకొన్నను నాలుగింటికి 26,000. అనగా పేరులేనివానికంటె హెచ్చు 8,000 మాత్రమే, 18,000 కాదు. 2025 సెప్టెంబరు 22నుండి కారు టైర్లపై జీఎస్టీ నూటికి 28నుండి 18కి తగ్గినది. దుకాణమువారు చెప్పు ధర పాతదా కొత్తదా యని అడిగి, బిల్లుతోనే తీసికొనవలెను.

ఆ 26,000 అయినను చీటీ డబ్బునుండి ఏల పోవలెను? బండికి అడ్వాన్సు మాత్రమే ఇచ్చినారు, బేరము ముగియలేదు. మఱిదిని ఆ నాలుగు అంకెల ఫోటోలు తీయుమనండి. టైర్ల తేదీలు చూపి, వాని ఖరీదును బండి ధరలో తగ్గింపుమని అడుగుటలో తప్పేమియు లేదు. చీర అంచున చినుగు చూపి ధర తగ్గింపుమని అడుగుటకును దీనికిని భేదము లేదు. అమ్మువారు సగమునకైన ఒప్పుకొందురు. ఏమాత్రము తగ్గింపక, మీ చేతిలోను టైర్లకు డబ్బు మిగులనిచో, ఆ బండిని విడిచి నెమ్మదైన వేఱొక బండిని చూచుకొనుటయే మా సలహా. మఱిది నాలుగు దినములు ముఖము ముడుచుకొనును; అంతే. ఫీజు డబ్బును మాత్రము ముట్టవద్దు.

రెండే టైర్లు ఇప్పుడు, రెండు తరువాత అను ఉపాయమును దుకాణమువారు చెప్పవచ్చును. పాతవానిలో రెండు నిజముగా వయస్సు చెల్లనివైనచోనే దానికి ఒప్పుకొనవలెను. అప్పుడు కొత్త రెండింటిని ముందు వేయుదుమందురు, ఇంజను త్రిప్పునది ముందు చక్రములనే కదాయని. వినవద్దు. కొత్తవి వెనుకకే వేయింపవలెను. ముందు చక్రములు జాఱినచో బండి తిన్నగా పోవుటకు చూచును, కాలు తీసినచో చాలవఱకు దారికి వచ్చును. వెనుక చక్రములు జాఱినచో బండి గిరగిర తిరిగిపోవును, దానిని నిలుపుట అనుభవజ్ఞులకును కష్టము. ఒకే ఇరుసుపై రెండు రకముల టైర్లు ఎన్నటికిని కూడదు.

టైర్లు వేసిన దినముననే బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించి, వాల్వులు కొత్తవి పెట్టింపవలెను. స్టెప్నీ తేదీని కూడ చదువవలెను. దానిని అందఱును మఱతురు. కొత్త టైరుపై అచ్చునుండి ఊడివచ్చుటకు పూసిన జిడ్డు కొంత మిగిలియుండును గనుక మొదటి 300 కిలోమీటర్లు మెల్లగా నడుపవలెను. ఆ లోపల వానలో సింహాచలము కొండదారి ఎక్కించవద్దు. గాలి నెలకొకమాఱు, బండి తిరుగకముందు, చల్లగా నున్నప్పుడు చూపింపవలెను. గాలి తగ్గిన టైరు ఎండలో వేడెక్కి ప్రేలును. తలుపు చట్రముపై చీటీలో నలుగురెక్కినప్పటి గాలి వేఱుగను, ఒక్కరున్నప్పటిది వేఱుగను ఇచ్చియుందురు. ఆ రెండంకెలను కాగితముపై వ్రాసి, పాలవాని లెక్కయు గ్యాసు బుకింగు తేదీయు ఉన్న చోటనే అంటించి యుంచుడు.