హ్యామక్ కొనేముందు గ్రాములు కాదు, చెట్లు లెక్కపెట్టండి

ఈ సైట్‌లో మనం మామూలుగా ఫోన్ ఎన్ని గ్రాములు తగ్గింది, ఎంత సన్నబడింది అని మాట్లాడుకుంటాం. అదే అలవాటుతో పోయిన వేసవిలో నేనొక క్యాంపింగ్ హ్యామక్ కొన్నా. అంటే రెండు చెట్లకు కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల. స్పెసిఫికేషన్స్ చూస్తే అదిరిపోయాయి: బరువు 480 గ్రాములు, 210టీ నైలాన్, 200 కిలోల కెపాసిటీ, మడిస్తే వాటర్ బాటిల్ సైజు. ఇంకేం ఆలోచించలేదు, ఆర్డర్ పెట్టేశా.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తా. బాక్స్ మీద పెద్దక్షరాల్లో రాసే ఆ బరువే మనకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చే స్పెక్. అసలు విషయాలు రెండు: దేనికి కడుతున్నారు, ఎంత వదులుగా కడుతున్నారు. ఈ రెండూ బాక్స్ మీద ఉండవు.

నేను చేసిన తప్పు

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బెంగళూరులో ఉద్యోగం, మే నెలలో ఇంటి నుంచే పని. మా శనక్కాయ చేను గట్టున ఒక్కటే వేపచెట్టు ఉంది. రెండో చెట్టు లేదు. అందుకని రెండో కొసను కంచెకు నాటిన రాతి స్తంభానికి కట్టా. మధ్యలో వేలాడకూడదని బాగా బిగించా. ఎక్కి పడుకున్న రెండో నిమిషంలో స్తంభం మొదట్లో విరిగి నా కాళ్ల వైపు పడింది. నాకు మోచెయ్యి గీసుకుపోయిందంతే. కానీ అంతకుముందే అక్కడ కూర్చుని రాళ్లతో ఆడుకుంటున్న మా మేనకోడలు నీళ్లు తాగడానికి లేచి వెళ్లింది. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతుంది.

నాయన తిట్టలేదు. విరిగిన రాయి చూసి ఒకటే అన్నాడు: "రాయి నిలబడేదానికి నాటినాం గానీ, పక్కకు గుంజేదానికి కాదురా."

బిగిస్తే ఏమవుతుంది?

బీటెక్ మొదటి సంవత్సరం మెకానిక్స్‌లో పాసైన నేను ముందే వేయాల్సిన లెక్క ఇది. మీరు పడుకున్నప్పుడు పట్టీ అడ్డగీతతో 30 డిగ్రీల కోణంలో ఉంటే, ఒక్కో పట్టీ మీద పడే లాగుడు సరిగ్గా మీ బరువంత. నా బరువు 70 కిలోలు కాబట్టి అటు 70, ఇటు 70. కోణం 15 డిగ్రీలకు తగ్గితే ఒక్కోవైపు 135 కిలోలు. 10 డిగ్రీలైతే దాదాపు 200. 5 డిగ్రీలైతే 400. బరువు నాదే, మారింది కోణం మాత్రమే. ధబాల్న కూర్చుంటే ఇంకా ఎక్కువ పడుతుంది.

అంటే "200 కిలోల కెపాసిటీ" చూసి ధైర్యంగా బిగించి కట్టే 70 కిలోల మనిషి ఆ లిమిట్‌ను అప్పుడే తాకేస్తున్నాడు. ఇందులో చాలా భాగం పక్కకు లాగే బలం. కంచె రాయి, గేటు పిల్లర్, సిమెంట్ లేని పాత గోడ, వీటిలో ఏదీ దానికోసం కట్టింది కాదు. దయచేసి వాటికి కట్టకండి.

కోణం కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు, మీ ఫోన్ చాలు. ఐఫోన్‌లో మెజర్ యాప్‌లోనే లెవెల్ ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ఏదైనా లెవెల్ యాప్ వేసుకోండి. ఊయలలో ఒకరు మెల్లగా కూర్చున్నాక, ఫోన్ అంచును పట్టీకి ఆనించి చూడండి. 30కి దగ్గరగా ఉంటే ఓకే. కూర్చునే చోటు నేల నుంచి ఒకటిన్నర అడుగు మించకూడదు. పడుకునేటప్పుడు నిలువుగా కాకుండా కాస్త ఐమూలగా పడుకోండి. గుడ్డ చదునుగా పరుచుకుంటుంది, నడుము వంగదు.

డబ్బు దేనిమీద పెట్టాలి?

గ్రాముల గోల రోజుల తరబడి వీపున మోసుకుని కొండలెక్కేవాళ్లది. మనం బైక్ మీద చేను దాకా వెళ్తాం. 200 గ్రాములు ఎక్కువైతే మునిగిపోయేదేం లేదు. ఆ డబ్బు పట్టీల మీద పెట్టండి. కనీసం ఒక అంగుళం వెడల్పున్న పాలిస్టర్ పట్టీలు తీసుకోండి. నైలాన్ పట్టీలు సాగుతాయి, సాయంత్రానికి వీపు నేలకు తగులుతుంది. కీచైన్‌కు పెట్టుకునే లాంటి కొక్కేలు వద్దు, లోడ్ రేటింగ్ ముద్రించి ఉన్న కారబైనర్లే కొనండి. 12 కిలోన్యూటన్లు అని ఉంటే సుమారు 1,200 కిలోల లాగుడు అని అర్థం.

చాలా చవక సెట్లలో పట్టీలకు బదులు సన్నని తాడు ఇస్తారు. నా బాక్స్‌లోనూ అదే వచ్చింది. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. సన్నతాడు దాన్ని కోసేస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున కురిసేదే దాదాపు 550 మిల్లీమీటర్లు. ఇక్కడ ఒక వేపచెట్టు నీడనిచ్చేంత ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. చీనీ చెట్లకు అసలు కట్టొద్దు, ఆ మొదళ్లు తట్టుకోవు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసి "ఎన్ని ఊడలో, ఎన్ని ఊయలలో" అని ఆశపడకండి. అది 1989లో గిన్నిస్ రికార్డుకెక్కిన చెట్టు, జనం మొక్కే చెట్టు. ఫోటో తీసుకుని రండి.

ఇంకో మాట. మన ఎండకు నైలాన్ బలం తగ్గిపోతుంది. పని అయిపోగానే విప్పి సంచిలో పెట్టేయండి.

వర్డిక్ట్

మామిడితోటో చింతతోపో ఉండి, 12 నుంచి 15 అడుగుల ఎడంలో గట్టి చెట్లు రెండుంటే హ్యామక్ కొనండి. కింద నుంచి కూడా గాలి తగులుతుంది, మే నెలలో అంతకంటే హాయి ఏముంది? ఒకే చెట్టు ఉంటే కొనకండి. స్టాండ్ కొనొచ్చు కానీ, ఇక లైట్‌వెయిట్ అన్న మాటకు అర్థం ఉండదు.

ఆ రోజు సాయంత్రం మా అవ్వ నా హ్యామక్ గుడ్డను చేత్తో తడిమి చూసింది. మా ఇంట్లో పిల్లలందరికీ దూలానికి చీర ఉయ్యాల కట్టింది ఆమే. "బిగించి కడితే అది ఉయ్యాల కాదురా, మంచం అయితాది. మంచమే కావాలంటే నులక మంచం ఉంది కదా" అంది.

ప్రస్తుతం ఈ ఆర్టికల్ టైప్ చేస్తున్నది దానిమీదే, ఆ వేపచెట్టు కిందే. బరువు మాత్రం 480 గ్రాముల కంటే చాలా ఎక్కువ.