చౌక రెక్కలు – ఎవరి లెక్కలు?

కోస్తాలో చౌక అన్నా, మా లింగంపల్లి ప్రాంతంలో అగ్గువ అన్నా అర్థం ఒక్కటే: ఇచ్చిన సొమ్ముకంటె వచ్చిన సరుకు ఎక్కువ. బడిలో విభక్తులు చెప్పుకొని బతికినవాణ్ణి గనుక నాకు వెంటనే ఒక చతుర్థీ విభక్తి ప్రశ్న పుడుతుంది. చౌక సరే, ఎవరికొఱకు? ఎవరికి చౌక? ఆ ప్రశ్న అడగకుండానే మన పత్రికలూ, నాయకులూ, చదువుకున్న యువకులూ చౌక విమానయానాన్ని వేనోళ్ళ కీర్తిస్తున్నారు. ఏ ఊరికి ఆ ఊరు ‘మాకూ ఒక విమానాశ్రయం కావాలి, అది కడితే చౌక విమానాలు వాటంతటవే వాలుతాయి’ అని నమ్ముతోంది. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట చౌక విమాన సంస్థ ఒక ఊరిని ఎట్లా ఎన్నుకుంటుందో చూద్దాం. విమానం గాలిలో ఉన్నంతసేపే సంపాదిస్తుంది. నేలమీద నిలిచిన ప్రతి నిమిషమూ దానికి దండగే. అందుచేత దిగిన ఇరవై అయిదు నిమిషాలలో మళ్ళీ ఎగరగల చోటు కావాలి. రద్దీ లేని, రుసుములు తక్కువైన విమానాశ్రయం కావాలి. రాత్రి విమానం నిద్రించే ఊరిని ‘స్థావరం’ అంటారు. పైలట్లూ పరిచారికలూ అక్కడే కాపురముంటారు, తెల్లవారుతూనే తొలి ప్రయాణం అక్కడినుంచే మొదలవుతుంది. స్థావరం అనే సంస్కృత పదానికి కదలనిది అని అర్థం. ఈ వ్యాపారంలో దానంత సులభంగా కదిలేది మరొకటి లేదు! రైలుకు పట్టాలుంటాయి, కర్మాగారానికి గోడలుంటాయి. విమానానికి చక్రాలూ రెక్కలూ తప్ప ఊరితో వేరే బంధం లేదు.

ఈ విద్యలో జగద్గురువు ఐర్లండు దేశపు రయనైర్ సంస్థ. ఫ్రాంక్‌ఫర్టు పేరు చెప్పి, ఆ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని హాన్ అనే పాత సైనిక విమానాశ్రయంలో ప్రయాణికులను దింపింది. పారిస్ పేరు చెప్పి బోవే అనే ఊళ్ళో దింపింది. ఐరోపా ప్రధానభూమిపై తన తొలి స్థావరాన్ని 2001లో బెల్జియంలోని షార్లెరువాలో పెట్టింది. బొగ్గుగనులు మూతపడి వెలవెలబోయిన ఆ ప్రాంతపు ప్రభుత్వం రుసుములు తగ్గించింది, ఎదురు డబ్బూ ఇచ్చింది. ఇది అక్రమ సహాయమా కాదా అన్న వివాదం ఏళ్ళతరబడి నడిచింది. ఐరోపా సమాఖ్య కమిషను 2004లో అందులో కొంత అక్రమమని తేల్చగా, 2008 డిసెంబరులో న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. షార్లెరువా విమానాశ్రయం మాత్రం నిలిచింది, పెరిగింది. అది ఒప్పుకోవలసిన మాటే.

ఇక రెండవ పక్క చూడండి. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఇస్తున్న రాయితీ చెల్లదని న్యాయస్థానం అనగానే 2003లో ఆ సంస్థ రైన్ నది దాటి జర్మనీ గట్టున ఉన్న బాడెన్ విమానాశ్రయానికి మకాం మార్చింది. ఆంగులేమ్ అనే చిన్న ఊరికి 2008లో అయిదేళ్ళ ఒప్పందంమీద వచ్చి, 2010లోనే వెళ్ళిపోయింది. హాన్ విమానాశ్రయ సంస్థ 2021లో దివాలా తీసింది. స్పెయిన్‌లో సియుదాద్ రియల్ అనే చోట ఎంతో వ్యయంతో కట్టిన కొత్త విమానాశ్రయం నాలుగేళ్ళయినా నిండుగా నడవక 2012లో మూతపడింది. కాస్తెయ్యోన్‌లో 2011లో ప్రారంభోత్సవం జరిపారు. తొలి సాధారణ ప్రయాణిక విమానం దిగింది 2015లో! పెండ్లి పందిరి వేసి నాలుగేళ్ళు పెండ్లికొడుకుకోసం ఎదురుచూచినట్టు.

‘అది ఐరోపా సంగతి, మనకెందుకు?’ అంటారేమో. మన సంగతే చెప్పుకుందాం.

2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి ఉడాన్ పథకపు తొలి విమానాలను ప్రారంభించారు. సిమ్లా–ఢిల్లీతో పాటు ఆనాడు ఎగిరినవి కడప–హైదరాబాదు, నాందేడు–హైదరాబాదు. హవాయి చెప్పులు వేసుకున్నవాడు కూడా విమానమెక్కాలన్నది నినాదం. సుమారు గంట ప్రయాణానికి 2500 రూపాయలు, సగం సీట్లకు ఆ ధర. మిగిలిన లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ నిధి ఎక్కడిది? పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాలపై వేసే సుంకంనుంచి కొంత. రాష్ట్ర ఖజానానుంచి ఇరవై శాతం. ఇవిగాక నేల ఉచితం, పోలీసు కాపలా ఉచితం, అగ్నిమాపక సేవ ఉచితం, ఇంధనంపై పన్ను ఒక్క శాతం. పైగా ఆ మార్గంలో మూడేళ్ళు మరొక సంస్థ పోటీకి రాకుండా ఏకచ్ఛత్రాధిపత్యం.

కడప–హైదరాబాదు మార్గాన్ని నడిపినది మన హైదరాబాదు సంస్థే, ట్రూజెట్. 2015 జులైలో తిరుపతి విమానంతో మొదలుపెట్టి, 2022 ఫిబ్రవరిలో రెక్కలు ముడిచింది. ఆ తర్వాత నెల తిరిగేసరికి కడపకు ఇండిగో వచ్చింది. ఊరిమీది మమకారంతో వచ్చిందనుకొంటే మన అమాయకత్వం. లోటు భర్తీకి రాష్ట్ర ప్రభుత్వం సిద్ధపడిన తర్వాతనే వచ్చింది. 2015లో తెరిచిన విమానాశ్రయానికి ఏడేళ్ళ తర్వాత కూడా ఎదురుకట్నం తప్పలేదన్నమాట.

ఇది ఒక్క కడప కథ అయితే నేను ఇంత చెప్పను. దేశపు లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదికను చూడండి. పరిశీలించిన 774 మార్గాలలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ రాయితీ కాలం పూర్తిచేసినవి 112. రాయితీ ముగిశాక 2023 మార్చి నాటికి తమ కాళ్ళపై నిలిచినవి 54. మొత్తంమీద నూటికి ఏడు! బడిలో నూటికి ఏడు మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి తరువాతి తరగతికి పంపితే తల్లిదండ్రులు ఊరుకునేవారా? ఇక్కడ మాత్రం పిల్లవాడికి ఊరేగింపు చేస్తున్నాం.

బెల్లమున్నంతసేపే ఈగలు. ఈగను నిందించి ప్రయోజనం లేదు, అది దాని స్వభావం. వ్యాపారి లాభం చూసుకోవడం అధర్మమని నేననను. నా తగవు బెల్లం పెట్టేవారితో. ఎంత బెల్లం పెట్టారు, ఎన్నాళ్ళు పెడతారు, ఈగ వెళ్ళిపోతే ఏం చేస్తారు అని చెప్పకుండా పెట్టేవారితో.

ఇందులో నాకు మెచ్చదగినదిగా తోచే ఉదాహరణ కూడా ఒకటుంది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమాన ఇంధనంపై పన్నును 16 శాతం నుంచి 1 శాతానికి తగ్గించింది. ఇది ఏ ఒక్క సంస్థకూ ఇచ్చిన కానుక కాదు, వచ్చిన ప్రతివాడికీ వర్తించే బహిరంగ నియమం. అట్లాగే ఎనభైకంటె తక్కువ సీట్లున్న విమానాలకు ప్రభుత్వ విమానాశ్రయాలలో దిగుడు రుసుము లేదు, చిన్న విమానాల ఇంధనంపై పన్ను తక్కువే. ఒకే రకం పెద్ద విమానాలతో నెట్టుకొచ్చిన ఇండిగో 2017 చివరలో హైదరాబాదు కేంద్రంగా ఏటీఆర్ అనే చిన్న విమానాలు నడపడానికి ఇటువంటి నియమాలు తోడ్పడ్డాయి. రాజమండ్రికీ తిరుపతికీ అవి నిండుగా తిరిగాయంటే అక్కడ ఎక్కేవారున్నారు. నియమం అందరికీ సమానమైతే నిజంగా ప్రయాణికులున్న ఊరికి విమానం దానంతటదే వస్తుంది. లేని ఊరికి డబ్బిచ్చి తెచ్చుకున్న విమానం డబ్బు అయిపోగానే పోతుంది.

ఇప్పుడు మా ఊరి మాట. ఇక్కడ హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో కొలువు చేసే యువకులు – వారిలో కొందరు నా శిష్యులే – ‘మాస్టారూ, వెయ్యిన్నర రూపాయలకు టిక్కెట్టు దొరికింది’ అని మురిసిపోతారు. సంతోషమే. కాని నాయనలారా, లెక్క పూర్తిచేయండి. 2008 మార్చిదాకా విమానం బేగంపేటలో దిగేది. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైలెక్కితే లింగంపల్లి నుంచి బేగంపేట స్టేషను నేరుగా చేరవచ్చు, విమానాశ్రయం ఆ దాపుననే. ఆ సదుపాయం అయిదేళ్ళయినా నిండకముందే, 2008 మార్చి 23న, ప్రయాణిక విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోయాయి. పెద్ద విమానాలకు పెద్ద నేల కావాలి, నగరం మధ్యలో అది లేదు, ఒప్పుకుంటాను. కాని రెండు విమానాశ్రయాలూ ఉంచుకొని చిన్న విమానాలను బేగంపేటలో దింపే వీలు ఎందుకు లేకపోయింది? 2004లో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం వల్ల. శంషాబాదు తెరిచిన నాటినుంచి ఇరవై అయిదేళ్ళు, నూట యాభై కిలోమీటర్ల ఆకాశ దూరంలో పోటీ విమానాశ్రయం ఉండరాదని అందులో రాసుకున్నారు.

ఐరోపాలో చౌక సంస్థకు బేరమాడే బలం ఎక్కడిది? ఒక నగరం చుట్టూ రెండు మూడు విమానాశ్రయాలుండి, అవి ఒకదానితో ఒకటి పోటీపడడంలో ఉంది. మనమేం చేశాం? మహానగరంలో పోటీని కాగితంపై సంతకంతో ఆపివేశాం. జిల్లా పట్టణాలలో మాత్రం పోటీపడి రాయితీలు ఇస్తున్నాం. బలమున్నచోట చేతులు కట్టుకున్నాం, బలం లేనిచోట చేతులు చాచాం. ఓరుగల్లు సంగతి చూడండి. నిజాము కాలంలో, 1930లో కట్టిన మామునూరు విమానాశ్రయం 1981 తర్వాత మూలబడింది. దాన్ని తిరిగి తెరవడానికి ఈ నూట యాభై కిలోమీటర్ల నిబంధనే అడ్డు. కేంద్రం అనుమతి 2025 ఫిబ్రవరికి గాని రాలేదు.

సరే, శంషాబాదు ఉంది, అది చక్కగానే ఉంది. అక్కడికి చేరే దారి? లింగంపల్లి నుంచి బాహ్య వలయ రహదారిమీద సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు. ఎంఎంటీఎస్ మార్గం 2023లో ఉందానగర్ వరకు సాగింది, అక్కడినుంచి విమానాశ్రయం ఇంకా కొన్ని కిలోమీటర్లు. రాయదుర్గం నుంచి శంషాబాదుకు ముప్పై ఒక్క కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబరు 9న పునాదిరాయి వేశారు. సరిగ్గా ఏడాదికి, ప్రభుత్వం మారగానే, 2023 డిసెంబరులో ఆ మార్గాన్ని ఆపివేశారు. మిగిలింది బస్సూ, అద్దెకారూ. తెల్లవారుజామున నాలుగు గంటలకు కుటుంబంతో బయలుదేరేవాడు కారుకు పెట్టే ఖర్చూ, విమానాశ్రయ వినియోగ రుసుమూ, సామాను రుసుమూ కలిపితే ఆ వెయ్యిన్నర టిక్కెట్టు ఎక్కడుంది? హాన్‌లో దిగిన జర్మనుకూ, శంషాబాదులో దిగిన లింగంపల్లి వాసికీ కష్టం ఒక్కటే. టిక్కెట్టుమీద కనిపించేది ఆకాశపు ధర. నేలమీది ధర మనమే విడిగా కట్టుకోవాలి.

నా వాదానికి వచ్చే గట్టి అభ్యంతరాన్ని నేనే చెబుతాను. ‘రైలు వచ్చిన రోజులలో కూడా మీవంటివారు ఇట్లాగే అన్నారు. దారి వేస్తే ఊరు పెరుగుతుంది. కడప వాడికి, కర్నూలు వాడికి విమానమెక్కే హక్కు లేదా?’ హక్కు ఉంది. వెనుకబడిన సీమకు ప్రభుత్వం ఖర్చుచేయాలని వాదించేవారిలో నేనూ ఒకణ్ణి. కాని రైలుపట్టా వేసిన తర్వాత అది ఊళ్ళోనే ఉంటుంది. నడిపేవాడు మారినా పట్టా మనది. విమాన రాయితీ అట్లాంటిది కాదు. మూడేళ్ళు గడిచాక మన చేతిలో మిగిలేది ఖాళీ భవనమూ, దాని కరెంటు బిల్లూ. ఆ సొమ్ముతో అదే ఊరివారికి వేగమైన రైలు, మంచి బస్సు, జిల్లా ఆసుపత్రికి పరికరాలు వస్తాయా అని పోల్చి చూడడం విమానద్వేషం అనిపించుకోదు. అది గృహస్థధర్మం.

ఇప్పుడు కోరికల జాబితా చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెం, నాగార్జునసాగర్, తుని–అన్నవరం. తెలంగాణలో ఆదిలాబాదు, జక్రాన్‌పల్లి, బసంత్‌నగర్, దేవరకద్ర. ఇవన్నీ ఏదో ఒక కాలాన ప్రతిపాదనలకెక్కినవే. అన్నీ వద్దని నేననను. అడుగు వేసేముందు నాలుగు మాటలు రాసుకోమంటాను. విమాన సంస్థతో చేసుకునే ప్రతి ఒప్పందమూ తెలుగులో, అందరికీ కనబడేటట్టు ప్రకటించాలి. రాయితీని ఖాళీ సీటుకు కాక ఎక్కిన మనిషికి లెక్కకట్టి, ఏటేటా తగ్గించుకుంటూ పోవాలి. గడువుకు ముందే వెళ్ళిపోయేవాడు తిన్నది కక్కి వెళ్ళేటట్టు హామీ తీసుకోవాలి. విమానాశ్రయపు గోడకంటె ముందు ఊరినుంచి దానికి చేరే బస్సునో రైలునో చూపాలి. ఇవి లేకుండా కొబ్బరికాయ కొట్టడమంటే ఖజానా తలుపు తెరిచిపెట్టి దీపం ఆర్పడమే.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మన పెద్దలు పడవవాణ్ణి చూసి చెప్పుకున్నది. అందులో మోసపోయినవాడు పడవవాడు. ఈనాటి ఓడవాడు అంత అమాయకుడు కాడు. ఏరు దాటించకముందే ఉభయ గట్లవారి దగ్గరా కూలి పుచ్చుకుంటున్నాడు, కూలి తగ్గితే పడవనే మరో రేవుకు తిప్పుతున్నాడు. ఆ నేర్పు వాడికున్నప్పుడు, రేవు కట్టిన మనకు బేరమాడే నేర్పు లేకపోవడమే నాకు బాధ. కాదనేవారు తమ లెక్కలతో రండి. లెక్కలతో వస్తే వింటాను. నినాదాలతో వస్తే మాత్రం, ముప్పై ఏళ్ళు తరగతి గదిలో వాటిని చాలినన్ని విన్నవాణ్ణి.