రోడ్డు పేరు మారితే రైతు హక్కు మారుతుంది

రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం అలైన్‌మెంట్‌ను 2025లో హెచ్‌ఎండీఏ ప్రకటించిన నాటి నుంచి మన మర్రిగూడ మండలంలో ఒకటే మాట: ఎవరి సర్వే నంబరు పోతుంది? గట్టుప్పల్, సంస్థాన్ నారాయణపూర్ రైతులదీ అదే గోస. నంబరు అడగాల్సిందే. దాంతోపాటు ఇంకొకటి కూడా అడగాలి: మన భూమిని ఏ చట్టం కింద తీసుకుంటారు?

సంగారెడ్డి నుంచి గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా ఉన్న ఉత్తర భాగానికి కేంద్రం జాతీయ రహదారి 161ఎఎ అని నంబరు ఇచ్చింది. అక్కడ భూములు తీసుకున్నది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. దక్షిణ భాగానికీ ఆ హోదా కావాలని రాష్ట్రం కేంద్రాన్ని కోరింది. హోదా వస్తే ఢిల్లీ నుంచి డబ్బు వస్తుంది, కాదనం. కానీ ఆ ఒక్క గెజిట్‌తో రైతు చేతిలోంచి ఏం జారిపోతుందో ఎవరూ చెప్పడం లేదు.

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది, గ్రామాల్లో విచారణ ఉంది, అభ్యంతరానికి 60 రోజుల గడువు ఉంది. 2017లో రాష్ట్రం తెచ్చిన సవరణ ఇందులో కొంత కోసేసిన మాట నిజమే. రహదారుల చట్టంలోనైతే ఆ అంచనా లేనే లేదు. అభ్యంతరానికి 21 రోజులే. పరిహారం చాలదంటే పోవాల్సింది కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్ దగ్గరికి. ఎక్కువ చోట్ల ఆ కుర్చీలో ఉండేది జిల్లా అధికారే. భూమి తీసుకునేదీ సర్కారే, తగవు తీర్చేదీ సర్కారు మనిషే!

పరిహారం లెక్క మాత్రం తగ్గించడానికి వీల్లేదు. 2013 చట్టం లెక్కే రహదారులకూ వర్తిస్తుందని 2015 ఆగస్టు 28న కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది. రహదారి భూములకు సోలేషియం, వడ్డీ ఎగ్గొట్టడం చెల్లదని 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు చిక్కు మార్కెట్ విలువ దగ్గరుంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాసిన ధర ఒకటి, ఊళ్లో నడిచే ధర ఒకటి. కాగితం ధరకు ఎన్ని రెట్లు కట్టినా పోయిన చోట ఎకరానికి ఎకరం రాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. రోడ్డు చేను నడుమ నుంచి పోయి బోరు ఒక పక్క, బత్తాయి తోట ఇంకో పక్క పడితే, ఆ చీలిక నష్టానికీ లెక్క కట్టాలని రహదారుల చట్టం 3జి సెక్షన్‌లోనే ఉంది. అడగనిది ఎవరూ ఇవ్వరు. అభ్యంతరం రాతలో ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. బోరు, పైపులైను, చెట్లు, కొట్టం అన్నీ పంచనామాలో ఎక్కేదాకా సంతకం పెట్టొద్దు.

డిండి ఎత్తిపోతల కింద చర్లగూడెం రిజర్వాయర్‌కు భూములిచ్చినవాళ్లు పరిహారం కోసం ధర్నాలకు కూర్చోవాల్సి వచ్చింది. అదే మండలాన్ని మళ్లీ భూమి అడుగుతున్నప్పుడు పాత బాకీ తేల్చి మాట్లాడాలి.

మన డిమాండ్లు మూడు. జాతీయ రహదారిగా ప్రకటించే ముందే ప్రతి గ్రామసభలో అలైన్‌మెంట్ మ్యాపు, సర్వే నంబర్లు తెలుగులో పెట్టాలి. మార్కెట్ విలువలు సవరించాకే నోటిఫికేషన్ ఇవ్వాలి. చీలిన పొలాలకు ట్రాక్టరు పోయే అండర్‌పాసు, సర్వీసు రోడ్డు డిజైన్‌లోనే చూపాలి. ఈ మూడింటి మీద గ్రామసభ తీర్మానాలు ఇప్పుడే చేయించుకుందాం. గెజిట్ వచ్చాక మనకుండేది 21 రోజులే.