అక్షరానికా, ఆరోగ్యానికా?

హాస్టల్లో ఫిలిం కెమెరా పిచ్చివాళ్ళు నలుగురు చేరితే చాలు, యాషికా ఎలక్ట్రో 35 రేంజ్‌ఫైండర్ మీద వాదన మొదలౌతుంది. పాతది కొంటే 'జి' కొనాలా, 'జి.ఎస్.' కొనాలా, 'జి.ఎస్.ఎన్.' కొనాలా? మిత్రులారా, డబ్బు అక్షరానికి పోయకండి, ఆరోగ్యానికి పోయండి!

1966లో వచ్చిన మొదటి రకానికీ, 1973 నాటి జి.ఎస్.ఎన్.కీ లెన్సు 45 మి.మీ., ఎఫ్ 1.7. జి.ఎస్.ఎన్.లో పెరిగిన ముఖ్య సౌకర్యం, తీగ లేకుండా ఫ్లాష్ తగిలించుకోవడం. ఫ్లాష్ వాడనివాడికి దానితో పనేమిటి? జి.టి.ఎన్. అన్నది అదే యంత్రానికి నల్లరంగు.

మా ఊళ్ళో ఎద్దును కొనేవాడు రంగు చూసి బేరమాడడు. పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. ఇదీ అంతే. ఫిలిం జరిపే మీట తిప్పితే లోపల 'టక్'మనాలి. అనకపోతే చిన్న రబ్బరు ముక్క ఒకటి చివికిపోయి ఉండొచ్చు. వెలుతురు లెక్క తప్పుతుంది. వ్యూఫైండరులో రెండు బొమ్మలూ ఒకటిగా కలవాలి. బ్యాటరీ వేసి చూడనిదే కొనకూడదు. అది లేకుంటే షట్టరుకు సెకనులో 500వ వంతు వేగం ఒక్కటే గతి. పాత 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు. 6 వోల్టుల ఆల్కలైన్‌ది అడాప్టరుతో సరిపోతుంది.

రైతుబిడ్డలం. ఇంటినుంచి వచ్చే ప్రతి రూపాయి వెనక ఒక పంట ఉంది. అమ్మేవాడు ఒక్క అక్షరానికి అడిగే అదనపు సొమ్ముతో ఫిలిం కొనుక్కుందాం. తీసిన ఫోటోలో కెమెరా పేరు కనపడదు గదా!